తిరిగొచ్చిన పాతిక డాలర్లు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలోని ఫెర్గూసన్ అనే ఊళ్లో 2014లో చెలరేగిన ఆందోళనల మీద నీవు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. తగలబడుతున్న దుకాణం, బాష్పవాయువు, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న కుర్రవాళ్లు కళ్లకు కట్టారు. కానీ అక్కడి నల్లవారి కోపం ఎన్నేళ్లుగా పేరుకుందో నీవు ఎక్కడా చెప్పలేదు. అందుకే అందరినీ కలిపి ‘అల్లరి మూక’ అనేయడం నీకు సులువైంది. నిప్పు పెట్టినవాడు వేరు, అట్టముక్క మీద నిరసన రాసి పట్టుకుని నిలబడ్డ తల్లి వేరు. ఇద్దరికీ ఒకే మాట వాడకు.

2014 ఆగస్టు 9న 18 ఏళ్ల మైకేల్ బ్రౌన్‌ను ఒక తెల్లజాతి పోలీసు కాల్చి చంపాడనీ, మృతదేహం నాలుగు గంటలపాటు నడివీధిలోనే పడి ఉందనీ అందరికీ తెలుసు. నీవు చదవవలసింది 2015 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఆ ఊరి పోలీసుల మీద ఇచ్చిన నివేదిక. జనాభాలో నల్లవారు 67 శాతమైతే, అరెస్టయినవారిలో 93 శాతం. నగర ఖజానా నింపడమే పనిగా పోలీసులు చలానాలు రాసేవారు, కట్టలేనివారిపై కోర్టు వారెంట్లు పుట్టించేది. 2007లో ఒక నల్లజాతి స్త్రీ కారును నిలపకూడని చోట నిలిపింది. జరిమానా 151 డాలర్లు, పైన రుసుములు. ఆమె ఒకసారి 25, మరోసారి 50 డాలర్లు పంపితే, మొత్తం ఒకేసారి కట్టాలంటూ కోర్టు తిప్పి పంపింది. ఆరు రోజులు జైల్లో ఉండి, 550 డాలర్లు కట్టాక కూడా, 2014 చివరికి ఆమె ఇంకా 541 డాలర్లు బాకీ ఉంది!

అదే న్యాయశాఖ, బ్రౌన్ చేతులెత్తి లొంగిపోతుండగా కాల్చారన్న కథనాలకు ఆధారాలు నిలవడం లేదనీ, ఆ పోలీసుపై కేసు నడపలేమనీ మరో నివేదికలో తేల్చింది. నీకు ఇష్టం లేకపోయినా అది కూడా రాయి. దాన్ని దాచిపెట్టావని పాఠకుడు కనిపెట్టిన క్షణాన, ఆ స్త్రీ గురించి నీవు రాసిన నిజాన్ని కూడా నమ్మడు.

2023లో సియాటిల్‌లో, 25 మైళ్ల వేగపరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ల వేగంతో వచ్చిన పోలీసు కారు మన ఆదోని అమ్మాయిని బలిగొన్నప్పుడు, ఆ మరణం గురించి మాట్లాడుతూ మరో పోలీసు నవ్విన నవ్వు విని నేను రాత్రంతా నిద్రపోలేదు. నీ పాఠకులూ ఆనాడు కుమిలిపోయినవారే. వారికి ఫెర్గూసన్ స్త్రీ బాధ పరాయిది కాదు, నీవు సరిగా చూపించాలే గాని.

పాతిక డాలర్లు తిరిగొచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి. మంటలు చివరి పేజీలో వస్తే చాలు. సంక్రాంతిలోగా పంపితే, తీరిగ్గా కూర్చుని చదువుతాను.