టోఫు వేపుడు గురించి మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. టోఫు ముక్కలు మూకుడికి అంటుకుని చితికిపోయాయనీ, కూరగాయలు నీరు వదిలి వేపుడు కాస్తా పులుసైందనీ రాశావు. మొదట్లో నేనూ అలాగే పాడుచేశాను. లోపం సాసులో లేదు, తడిలో ఉంది. కనుక సీసాలు మార్చడం మాని ముందు నీటి సంగతి చూడు.

టోఫు అంటే సోయా పాలను విరగ్గొట్టి, అచ్చులో అదిమి చేసిన గడ్డ. చూపుకు పన్నీరులా ఉన్నా దానిలో నీరు చాలా ఎక్కువ. మెత్తటి రకం సూపులోకి బాగుంటుంది గాని వేపుడుకు పనికిరాదు, గట్టిదే కొను. ఇద్దరికి 200 గ్రాములు చాలు. దానిని నూలుగుడ్డలో చుట్టి, పైన పళ్లెం పెట్టి, ఆ పళ్లెం మీద పప్పు డబ్బా వంటి బరువు ఉంచి 20 నిమిషాలు వదిలేస్తే గుడ్డ తడిసి ముద్దవుతుంది. లేకుంటే ఆ తడి అంతా మూకుట్లోకి చేరేదే. తరువాత అంగుళం ముక్కలుగా కోసి, 2 చెంచాల కార్న్‌ఫ్లోర్ పైపైన చల్లి, వేరుశెనగ నూనెలో బంగారు రంగు వచ్చేదాకా కదపకుండా వేయించు. ముక్క తనంతట తాను మూకుడును వదిలేదాకా అట్లకాడ పెట్టవద్దు. నీ ముక్కలు చితకడానికి ఆ తొందర కూడా కారణమే అయి ఉంటుంది. వేగినవి తీసి పక్కన ఉంచు.

చైనా హోటళ్ల పొయ్యి మంట మన గ్యాసు పొయ్యి మంట కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఆ మంట మీద కాగిన ఇనుప మూకుడు వంటకు ఇచ్చే పొగరుచిని కాంటన్ ప్రాంతంవారు ‘వోక్ హే’ అంటారు, అంటే మూకుడు ఊపిరి అని. ఇంట్లో అది పూర్తిగా రాదు. కొద్దికొద్దిగా వండితే మాత్రం కొంత దగ్గరకు వెళ్లవచ్చు. నలుగురికి సరిపడే కూరగాయలను ఒకేసారి కుమ్మరిస్తే మూకుడు చల్లారి, ముక్కలు వేగడానికి బదులు తమ నీటిలో తామే ఉడుకుతాయి. అందుకే కూరగాయలను గంట ముందే కడిగి ఆరబెట్టు, రెండు విడతలుగా వేయించు. ముందు ఖాళీ మూకుడును బాగా కాల్చి, ఆపైన నూనె వేయడం చైనావారి పద్ధతి. నాన్‌స్టిక్ పాత్రతో మాత్రం ఆ పని చేయకు.

సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడల తెల్లటి భాగం వేసి వాసన రాగానే క్యారెట్, బీన్స్ వంటి గట్టివి, అవి సగం వేగాక కాప్సికమ్, క్యాబేజీ వెయ్యి. పుట్టగొడుగులను విడిగా వేయించు, వాటి నీరు వాటికే చాలు.

సాసును పొయ్యి వెలిగించక ముందే గిన్నెలో కలిపి ఉంచుకో: ఒకటిన్నర పెద్ద చెంచాల సోయా సాస్, అర చెంచా పంచదార, అర చెంచా కార్న్‌ఫ్లోర్, 3 పెద్ద చెంచాల నీళ్లు. పోసే ముందు అడుగుకు దిగిన పిండిని మళ్లీ కలుపు. వేరే ఉప్పు వేయకు, సోయా సాసులో కావలసినంత ఉంటుంది. చివర చల్లే నువ్వుల నూనె వేయించిన నువ్వులతో తీసినదై ఉండాలి. మన ఆవకాయలో పోసే నూనెకు ఆ వాసన రాదు.

నీకు కారం లేనిదే ముద్ద దిగదు కనుక చైనాలోని సిచువాన్ ప్రాంతపు ఇళ్లలో చేసుకునే ‘జియాచాంగ్ దోఫు’ పద్ధతి నచ్చుతుంది. పేరుకు అర్థమే ఇంటి వంట అని. వేయించిన టోఫును మిరపకాయలు, పెద్ద చిక్కుడు గింజలు పులియబెట్టి చేసిన ‘దోబాన్‌జియాంగ్’ ముద్దతో కలుపుతారు. ఆ ముద్ద మహా ఉప్పన, దానితో వండిననాడు సోయా సాసును సగానికి తగ్గించు.

వేగిన కూరగాయల మీద పోసిన సాసు చిక్కబడగానే టోఫు కలిపి, అర నిమిషంలో దించెయ్యి. ఆగితే పైపొర మెత్తబడుతుంది. కనుక అన్నం ముందే వండి ఉంచు, అల్లుడుగారు ఫోను పక్కన పెట్టి పీట మీద కూర్చున్నాకనే మూకుడు పొయ్యి ఎక్కించు.

ఇట్లు,
మీ అత్తయ్య