పడుకుంటే ఆయాసం... ఇన్‌హేలర్ వాడవచ్చా?

ప్రశ్న: మా నాన్నకు 56 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్ మిర్చి యార్డులో హమాలీ. బీడీలు తాగుతారు. బీపీ, షుగర్ ఉన్నాయి. రెండు నెలలుగా నడిస్తే ఆయాసం వస్తోంది. వారం నుంచి రాత్రిళ్లు దగ్గుతో లేచి కూర్చుంటున్నారు, పాదాలు వాస్తున్నాయి. మిర్చి ఘాటుకు ఆస్తమా వచ్చిందని ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ ఇస్తే రెండు రోజులు బాగుంటోంది. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో మాత్రలు తెచ్చుకుంటారు. ఇన్‌హేలర్ మొదలుపెడితే జీవితాంతం అలవాటవుతుందా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: ఇన్‌హేలర్ సంగతి తర్వాత చూద్దాం. మిర్చి ఘాటుకు దగ్గు, తుమ్ములు వస్తాయి, ఆస్తమా ఉంటే ముదురుతుంది. పాదాలు మాత్రం వాయవు. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, కాళ్ల వాపు, వీటికితోడు బీపీ, షుగర్... ఇవన్నీ కలిస్తే ముందు గుండెను అనుమానించాలి. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరినా పిల్లికూతలు వినిపిస్తాయి. వాటిని విని ఆస్తమా అని తేల్చేయకూడదు. షుగర్ ఉన్నవారిలో ఛాతీ నొప్పి లేకుండా, ఉత్త ఆయాసంతోనే గుండెపోటు రావచ్చు. కనుక వచ్చే వారం దాకా ఆగవద్దు.

ఆయన మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి చూడండి. గుంట పడి వెంటనే పూడకపోతే అక్కడ నీరు చేరినట్టు. అది గుండె వల్లా, కిడ్నీల వల్లా, కాలేయం వల్లా కావచ్చు. మనిషిని చూడకుండా ఇదేనని నేను చెప్పలేను.

రేపే ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించండి. తర్వాత ఎకో, అంటే గుండె స్కాన్. రక్తం బాగా తగ్గినా మెట్లెక్కితే ఆయాసమే. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష తప్పనిసరి, టీబీకి ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం. బీడీ తాగేవారు కనుక స్పైరోమెట్రీ (ఊది చేసే ఊపిరితిత్తుల పరీక్ష) కూడా అవసరమే, కానీ గుండె సంగతి తేలాక. వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఆక్సిజన్ 97 శాతం చూపించిందని నిశ్చింతగా ఉండకండి. రక్తహీనతను అది పట్టలేదు, గుండె జబ్బు లేదనీ చెప్పలేదు.

ఇక ఆ ఇంజెక్షన్. అందులో ఏముందో మీరు రాయలేదు, అడిగి ఉండరు. ఇలాంటి చోట్ల తరచూ కనిపించేది స్టెరాయిడ్. అదే అయితే రెండు రోజులు హాయిగా ఉంటుంది, షుగర్ పెరుగుతుంది, అసలు జబ్బు లోపల ముదురుతుంది. మోకాళ్ల మాత్రలు ఇంకా ప్రమాదం. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. కాళ్లు వాచిన మనిషికి డాక్టర్ చీటీ లేకుండా ఇవి అమ్ముతున్నారంటే కోపం వస్తుంది నాకు. డాక్టర్ చూసేదాకా ఆ రెండూ ఆపండి. బీపీ, షుగర్ మందులు మాత్రం ఆపవద్దు. స్టెరాయిడ్ మాత్రలు కూడా రోజూ మింగుతుంటే వాటిని ఉన్నట్టుండి మానకూడదు, డాక్టర్‌కు చెప్పండి.

ఇన్‌హేలర్ వ్యసనం కాదు. అవసరమైన జబ్బు ఉంటే వాడాలి, లేకపోతే అక్కర్లేదు. అది పరీక్షలయ్యాక చూసుకోవచ్చు.

కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఛాతీలో బరువు, చెమటలు, మగత ఉన్నా రేపటిదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు బీపీ, షుగర్ మందులతో పాటు ఆ మోకాళ్ల మాత్రల అట్ట కూడా పట్టుకెళ్లండి. అది మందు కాదనుకుని చాలామంది ఇంట్లోనే వదిలేసి వస్తారు.