రాత్రి రెండింటికి నీ పుస్తకం తెరిచే మనిషి

అమ్మా,

నీ ఉత్తరమూ, దానితో పంపిన రాతప్రతీ అందాయి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. మంచాన పడ్డ మనిషిని ఇంట్లో ఎలా చూసుకోవాలో ఒక నర్సు పూనుకుని రాయడం నాకెంతో సంతోషం కలిగించింది. ఇలాంటి పుస్తకం అవసరమైన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

నువ్వు మూడు సంగతులు అడిగావు. ప్రచురణకర్త కోసం చూడాలా, సొంతంగా వేసుకోవాలా? పుస్తకం వచ్చిందని నలుగురికీ ఎలా తెలియాలి? ఉన్నదంతా ముందే చెప్పేస్తే ఇంక పుస్తకం ఎవరు కొంటారు? మూడింటికీ నాకు తోచింది చెబుతాను. కానీ ఈ పుస్తకం ఎవరి చేతిలో ఉండబోతోందో ముందు తేలాలి. నీ రాతప్రతిలో అదింకా తేలలేదు.

నీ మూడో అధ్యాయం ఇలా మొదలవుతుంది: "దీర్ఘకాలిక శయ్యాగత రోగులలో పీడన వ్రణాల నివారణ నిమిత్తం స్థాన మార్పిడి అత్యంత ఆవశ్యకం." తప్పేం లేదు, పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. కానీ చదివేదెవరు? తండ్రికి పక్షవాతం వస్తే వారం కిందట ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న కొడుకు. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో అతనికే తెలీదు. రాత్రి రెండింటికి తండ్రి పక్క సర్దుతుంటే నడుము కింద చర్మం రంగు మారినట్టు కనిపించింది. అతను నీ పుస్తకం తెరిచింది ఆ మచ్చ కోసం. ఇది పుండవుతుందా? ఇప్పుడు నేనేం చెయ్యాలి? డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చెయ్యాలా, తెల్లారేదాకా ఆగొచ్చా? "స్థాన మార్పిడి ఆవశ్యకం" అన్న మాట అతనికి ఎందుకూ కొరగాదు.

అతనికి కావలసిన జవాబు నీ దగ్గర లేక కాదు. అదే అధ్యాయంలో చాలా లోపల, ఒక పెద్ద పేరా మధ్యలో ఉంది. చర్మం ఎర్రబడిన చోట వేలితో మెల్లగా నొక్కి వదలమన్నావు. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా ప్రమాదం ముదరలేదు, నొక్కినా తెల్లబడకపోతే పడక పుండు మొదలైనట్టే అన్నావు. నల్లటి చర్మం మీద ఆ ఎరుపు సరిగ్గా కనబడదు కాబట్టి చేత్తో తాకి, చుట్టుపక్కల చర్మం కంటే వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో ఉందేమో చూడమన్నావు. ముందు ఆ చోటు మీద బరువు పడకుండా తిప్పి పడుకోబెట్టండి, రుద్దకండి, మధ్యలో కన్నమున్న గుండ్రటి రింగు దిండు పెట్టకండి అన్నావు. ఆ రింగు దిండు మంచిదని నమ్మి కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దానివల్ల మేలు కంటే కీడే ఎక్కువని చెప్పిన ఆ రెండు వాక్యాల కోసమైనా నీ పుస్తకం రావాలి. వాటిని తీసుకొచ్చి అధ్యాయం మొదట్లో పెట్టు. శాస్త్రమంతా తర్వాత చెప్పు, వినేవాళ్లు వింటారు.

ఇంకోటి. చేతికి అలవాటైపోయిన పనిని కాగితం మీద పెట్టడం చాలా కష్టం. "రోగిని పక్కకు తిప్పాలి" అని నువ్వు మూడు మాటల్లో తేల్చేశావు. నీకది ఒక్క పని, ఎప్పుడూ చెయ్యనివాళ్లకు అది పది పనులు. మంచానికి ఏ పక్కన నిలబడాలి? అవతలి చెయ్యి ఛాతీ మీదకు తెచ్చి, అవతలి మోకాలు మడిచి, భుజం దగ్గరొక చెయ్యి, తుంటి దగ్గరొక చెయ్యి వేసి తనవైపుకి దొర్లించుకోవాలని ఎవరు చెబుతారు? పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని లాగితే భుజం దెబ్బతింటుందని ఎలా తెలుస్తుంది? పుస్తకంగా రాయదగ్గ నైపుణ్యం ఇదే. బరువైన మాటలు ఎవరైనా వెతికి తెచ్చుకోగలరు. ఈ చెయ్యి ఇక్కడ, ఆ చెయ్యి అక్కడ అని చెప్పగలిగింది రోజూ ఆ పని చేసిన మనిషే.

ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1860 ప్రాంతంలో రోగి సేవ మీద చిన్న పుస్తకం వేసింది. ఇది నర్సులకు పని నేర్పే పాఠ్యపుస్తకం కాదు, ఇంట్లో ఇతరుల ఆరోగ్యం చూసుకోవలసిన ఆడవాళ్లకు ఆలోచనలు అందించడానికి రాశాను అని ముందుమాటలోనే చెప్పేసింది. ఆవిడకున్న పేరుకి వైద్యుల కోసం ఎంత గంభీరంగానైనా రాయగలదు. పైగా 1861లో కష్టజీవుల కుటుంబాల కోసం దాన్ని తక్కువ ధరకి వేరుగా వేయించి, అందులో పసిపిల్లల్ని చూసుకోవడం గురించి కొత్త అధ్యాయం చేర్చింది. ఆ ఇళ్లలో చంటిపిల్లల్ని ఆడించేది వాళ్ల అక్కలే అని ఆవిడకు తెలుసు. పాఠకులు మారితే పుస్తకం ధర, సైజు, అధ్యాయాలు కూడా మారతాయి. ఇది మనసులో పెట్టుకో.

ఇక ప్రచురణ. పేరున్న సంస్థకు పంపదలిస్తే, ఇలాంటి పుస్తకానికి రాతప్రతి మొత్తం పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. చాలా సంస్థలు ప్రతిపాదన చూసే నిర్ణయిస్తాయి. పుస్తకం ఎవరికోసం, ఇదే విషయం మీద ఇప్పటికే ఉన్నవాటికంటే ఇందులో కొత్తేమిటి, రాయడానికి నీకున్న అర్హత ఏమిటి, విషయసూచిక, ఒకటో రెండో అధ్యాయాలు. నీ మూడో అధ్యాయం తిరగరాశాక అదే పంపు. నిజమైన ప్రచురణకర్త అచ్చుఖర్చు తను పెట్టుకుంటాడు, అమ్మకాల్లో నీ వాటాగా రాయల్టీ ఇస్తాడు. "మీ పుస్తకం అద్భుతం, మేమే వేస్తాం, ఇంత కట్టండి" అని ఎవరైనా అంటే అది ప్రచురణ కాదు, నీకు అమ్ముతున్న సేవ. సేవ కొనుక్కోవడం తప్పని అనను. తెలిసి కొనుక్కో, నలుగురి దగ్గర రేట్లు అడిగి కొనుక్కో.

ఒప్పందం చేతికొచ్చినప్పుడు సంతోషంలో సంతకం పెట్టేయకు. రాయల్టీ పుస్తకం ధర మీదా, సంస్థకు నికరంగా చేరే డబ్బు మీదా? శాతం అదే అయినా రెండింటికీ చాలా తేడా. అడ్వాన్సు ఇస్తే అది రాయల్టీలోంచే, ఆ మొత్తం తీరాకే నీకు మళ్లీ డబ్బు వస్తుంది. అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాదం, ఇవన్నీ వేర్వేరు హక్కులు. సంస్థ వాడుకోని హక్కు సంస్థ దగ్గర ఎందుకుండాలి? పుస్తకం మార్కెట్లో దొరక్కుండా పోతే హక్కులు నీకు తిరిగి రావాలన్న షరతు తప్పకుండా రాయించుకో. కొత్తవాళ్లు దీన్నే పట్టించుకోరు. పుస్తకం ఎవరికీ దొరకదు, ఇంకొకరితో వేయించే వీలూ ఉండదు. నీ పుస్తకానికి ఆ గతి పడితే నష్టం నీ ఒక్కదానికే కాదు.

సొంతంగా వేసుకునే దారి కూడా గౌరవమైనదే. ఆఫ్‌సెట్‌లో వేస్తే ప్లేట్లకీ సెట్టింగుకీ ముందే ఖర్చవుతుంది కాబట్టి ఎక్కువ కాపీలు వేసినకొద్దీ ఒక్కో కాపీ చవకవుతుంది, అమ్ముడుపోనివి మాత్రం నీ ఇంట్లోనే ఉంటాయి. ప్రింట్ ఆన్ డిమాండ్‌లో ఆర్డరు వచ్చినప్పుడే కాపీ అచ్చవుతుంది, ఒక్కో కాపీకి ఖర్చెక్కువే గానీ నిల్వ బాధ లేదు. నీకు నా సలహా రెండోది. వైద్యంలో సలహాలు మారుతుంటాయి. గదినిండా పాత కాపీలుంటే, మార్చాల్సిన వాక్యం ఎదురుగా కనబడుతున్నా మార్చడానికి చేతులు రావు.

ఐఎస్‌బీఎన్ గురించి అడిగావు. అది పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే సంఖ్య, 2007 నుంచి 13 అంకెలది. అచ్చు పుస్తకానికొకటి, ఈ-బుక్‌కి ఇంకొకటి. అమ్మే ప్లాట్‌ఫారం ఉచితంగా ఇచ్చేది తీసుకుంటే దాన్ని ఇంకోచోట వాడుకోవడం సాధారణంగా కుదరదు, వీలైతే నీ పేరు మీదే తీసుకో. ఈ-బుక్‌ని తమ దగ్గరే అమ్మేలా అమెజాన్ వారు పెట్టిన కేడీపీ సెలెక్ట్ అనే పథకంలో చేరితే ఆ ఈ-బుక్‌ని 90 రోజుల పాటు మరెక్కడా పెట్టకూడదు. గడువయ్యాక అది తనంతట తనే పొడిగింపవుతుంది కూడా, చూసుకో. కాపీరైట్ గురించి టెన్షన్ వద్దు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్నచోట్ల నువ్వు రాసిన క్షణం నుంచే అది నీది. నువ్వు జాగ్రత్తపడాల్సింది ఇతరుల హక్కుల విషయంలో. రాతప్రతిలో నువ్వు పెట్టిన, నెట్‌లో దొరికిన ఆ బొమ్మలు తీసెయ్, ఒక చిత్రకారుడి చేత గీయించు. మనిషిని తిప్పే తీరు ఫోటోలో కంటే గీతబొమ్మలోనే స్పష్టంగా కనిపిస్తుంది కూడా.

పుస్తకం రూపం దగ్గర కాస్త ఆగు. నీ పాఠకుడి ఒక చెయ్యి రోగి మీద ఉంటుంది, గదిలో వెలుతురు తక్కువ. అక్షరం పెద్దదిగా ఉండాలి, పేజీ తెరిచి పెడితే మూసుకుపోకూడదు. వెనక పదసూచిక తప్పనిసరి. అందులో నీ వృత్తి మాటలే కాదు, వాళ్ల నోటికొచ్చే మాటలు కూడా ఉండాలి. "మచ్చ", "వాసన", "మింగలేకపోవడం", "రాత్రిళ్లు అరవడం". మొదట్లో నాలుగు ముందుమాటలు వేయించాలని ఉందన్నావు. ఒకటి చాలు, అదీ చిన్నది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఉచితంగా కనిపించేది ఆ మొదటి కొన్ని పేజీలే. అవి పొగడ్తలతో నిండిపోతే నీ పుస్తకంలో ఏముందో వాళ్లకెలా తెలుస్తుంది?

ఇప్పుడు నిన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెడుతున్న ప్రశ్న. అంతా ముందే చెప్పేస్తే ఎవరు కొంటారు? చెప్పెయ్యమ్మా. పక్కకు తిప్పే పద్ధతిని ఒక్క పేజీలో బొమ్మలతో వేసి, పుస్తకం పేరు కింద చిన్నగా రాసి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇవ్వు. ఆసుపత్రి నుంచి రోగుల్ని ఇంటికి పంపే నర్సులకివ్వు, ఫిజియోథెరపిస్టులకివ్వు, ముసలివాళ్ల కోసం పనిచేసే సంఘాలకివ్వు. ఆ కాగితం చూసి ఒక రాత్రి గడిపినవాళ్లకు తిండి పెట్టడం, స్నానం, మందులు, తమ నడుంనొప్పి గురించి ఇంకా పది ప్రశ్నలు పుడతాయి. అవన్నీ ఒకచోట, వరసగా, నమ్మదగ్గ మనిషి చెప్పినవి కావాలనే పుస్తకం కొంటారు. దాచిపెట్టిన విషయాన్ని చూసి ఎవరూ కొనరు. పనికొచ్చిన విషయం చూసి కొంటారు.

ఆవిష్కరణ సభ పెట్టుకో, నీ వాళ్లంతా వస్తారు, ఆ ఆనందం నీకు దక్కాలి. కానీ అక్కడికి వచ్చేవాళ్లలో నీ పాఠకుడు ఉండకపోవచ్చు, అతనికి ఇల్లు కదిలే వీలుండదు. అతని దగ్గరకు నువ్వే వెళ్లాలి. సంఘాల్లో, లైబ్రరీల్లో ఒక గంట మాట్లాడు, దిండ్లూ దుప్పటీ తీసుకెళ్లి చేసి చూపించు, ప్రశ్నలకు జవాబులు చెప్పు. నీ గురించి కాకుండా వాళ్ల కష్టం గురించి మాట్లాడుతున్నంతసేపూ అది ప్రచారమని ఎవరికీ అనిపించదు. సమీక్షలు డబ్బిచ్చి రాయించకు, బంధువుల చేత రాయించకు. విడుదలకు కొన్ని వారాల ముందే కొన్ని ప్రతులు ఆ రంగం తెలిసినవాళ్లకు, ఇళ్లలో సేవ చేస్తున్నవాళ్లకు పంపి, ఉన్నది ఉన్నట్టు రాయమను.

నైపుణ్యం పంచుకునేవాళ్లకు ఒక హద్దు కూడా ఉండాలి. నువ్వు నర్సువి. మందుల మోతాదుల అధ్యాయం నిపుణుడైన డాక్టరు చూడకుండా అచ్చుకెళ్లకూడదు. ఏ లక్షణం కనిపిస్తే పుస్తకం పక్కనపెట్టి వెంటనే సాయం పిలవాలో ప్రతి అధ్యాయంలోనూ కళ్లకు కొట్టొచ్చినట్టు ఉండాలి. నీ రోగుల కథలు కొన్ని రాశావు, కదిలించాయి. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. వయసు, ఉద్యోగం, కుటుంబం కలిపితే తెలిసినవాళ్లు పోల్చుకుంటారు. వాళ్లనుంచి గానీ ఇంట్లోవాళ్లనుంచి గానీ అనుమతి తీసుకో, లేదంటే ఆ కథ వదిలెయ్.

పుస్తకం బయటికొచ్చాక పని అయిపోయిందనుకోకు. డార్విన్ 1859లో తన జాతుల పుట్టుక గ్రంథాన్ని మొదట 1,250 ప్రతులు వేయించాడు. విడుదల సమయంలోనే తనతో విభేదిస్తారని తెలిసిన పండితులకు కూడా ప్రతులు పంపి, ఉత్తరాలు రాశాడు. వచ్చిన అభ్యంతరాల్ని పట్టించుకుంటూ 1872లో ఆరో కూర్పు వచ్చేదాకా దిద్దుతూనే ఉన్నాడు. ఆ ఆరో కూర్పులో అభ్యంతరాలకు జవాబులతో ఒక అధ్యాయమే చేరింది. నీ పుస్తకం వెనక పాఠకులు రాయడానికి ఒక చిరునామా పెట్టు. వచ్చిన ప్రతి ఉత్తరం దాచు. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగారంటే ఆ పేజీ సరిగ్గా లేదని అర్థం. ఏ సంవత్సరం దాకా ఉన్న వైద్య సలహాల ఆధారంగా రాశావో మొదట్లోనే అచ్చు వేయించు.

ప్రస్తుతానికి ప్రచురణకర్తల జాబితా పక్కన పెట్టు. మూడో అధ్యాయం తిరగరాసి, ఇంట్లో మనిషిని చూసుకుంటున్న ఇద్దరు ముగ్గురికి ఇవ్వు. "బాగుందా" అని అడక్కు, మొహమాటానికి బాగుందంటారు. పుస్తకం చూస్తూ మనిషిని తిప్పమను. నువ్వు నోరు మెదపకుండా పక్కన కూర్చో. ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి తిప్పి మళ్లీ చదివారో, ఎక్కడ నీ మొహం వంక చూశారో మార్జిన్‌లో గుర్తు పెట్టు. ఆ గుర్తులున్న కాగితాలే నాకు పంపు, సాఫు ప్రతి అక్కర్లేదు. అవి చూశాక, ప్రతిపాదన ఎలా రాయాలో కూర్చుని మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి