మీరు అడిగారు: వినేవాళ్లు పెరిగితే భయపడే రేడియో

పోయిన నెల ఈ శీర్షికలో నెట్ రేడియో గురించి ఒకరు అడిగితే నాలుగు వాక్యాల్లో ముగించాను. అది చాలలేదని చాలామంది రాశారు, వాళ్ల మాట నిజమే. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దీని మీద వచ్చిన ఉత్తరాలే తీసుకుంటున్నాను.

ప్రశ్న: నేనిక్కడ ఒక చిన్న తెలుగు నెట్ రేడియోకు వారాంతాల్లో పని చేస్తాను, జీతం లేదు, ఇష్టం కొద్దీ. మేం పాట వేసిన ప్రతిసారీ విన్న ప్రతి మనిషికీ లెక్కగట్టి రాయల్టీ అంటారు. కారులో వచ్చే ఎఫ్‌ఎం స్టేషన్ మాత్రం పాడినవాళ్లకు పైసా కట్టదట. నిజమేనా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: నిజమేనండీ. అమెరికాలో ఏఎం, ఎఫ్‌ఎం స్టేషన్లు పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ కడతాయి గానీ, టవర్ మీద వేసినందుకు పాడినవాళ్లకూ ఆ రికార్డు సొంతదారులకూ ఏమీ కట్టవు. మేం వేస్తేనే కదా మీ రికార్డులు అమ్ముడుపోయేది అని రేడియోవాళ్లు ఎన్నో దశాబ్దాలుగా వాదిస్తున్నారు, అక్కడి పార్లమెంటులో ఆ వాదనే నెగ్గుతూ వచ్చింది. 1995లో, మళ్లీ 1998లో డిజిటల్ ప్రసారాలకు చట్టాలు చేసినప్పుడు నెట్‌కు మాత్రం ఆ మినహాయింపు ఇవ్వలేదు. వందల స్టేషన్లున్న కంపెనీ టవర్ మీద వేస్తే ఉచితం, మీరు ఇంట్లో కూర్చుని నెట్‌లో వేస్తే బిల్లు. పాడినవాళ్లకు డబ్బు ముట్టాలన్నది న్యాయం, దాన్ని నేనెప్పుడూ కాదనను. ఒకరికి ఒక రూలు, ఇంకొకరికి ఇంకో రూలు అన్నదే నా బాధ.

అసలు చిక్కంతా లెక్కలో ఉంది. టవర్ రేడియోను పదిమంది విన్నా పదివేలమంది విన్నా కరెంటు బిల్లు ఒకటే. నెట్‌లో అలా కుదరదు, వినే ప్రతి మనిషికీ సర్వర్ నుంచి విడిగా పంపాలి. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల) నాణ్యతలో ఒకరు గంటసేపు వింటే దాదాపు 58 ఎంబీ, వందమంది వింటే 5.8 జీబీ. ఈ ఖర్చు ఏటికేడు దిగుతూ వచ్చింది కాబట్టి తట్టుకోవచ్చు, కానీ రాయల్టీ అలా దిగలేదు. 2007 మార్చిలో అక్కడి కాపీరైట్ రాయల్టీ బోర్డు పెట్టిన రేటు ఒక పాటకు, ఒక మనిషికి 0.0011 డాలరు, అదే పెరుగుతూ 2010 నాటికి 0.0019. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. రాత్రీ పగలూ సగటున వెయ్యిమంది వినే స్టేషన్ అనుకోండి, గంటకు 15 పాటలు వేస్తుంది. ఒక పాటను ఒక మనిషి వింటే ఒకటి అని లెక్కగడితే ఏడాది తిరిగేసరికి అవి 13 కోట్లు దాటతాయి, కట్టాల్సింది 1,44,000 డాలర్ల పైమాటే. 2010 రేటుకైతే దాదాపు రెండున్నర లక్షల డాలర్లు. వెయ్యిమంది వినే స్టేషన్‌కు యాడ్స్ మీద అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుందండీ? పైగా ఆ రేట్లను 2006 నుంచీ వర్తింపజేశారు, అంటే గడిచిపోయిన ఏడాదికి కూడా బాకీ తేలింది.

అప్పటికి ఐదేళ్ల కిందటే ఒకసారి ఈ దెబ్బ తగిలింది. 2002 జూన్‌లో ఒక పాటకు, ఒక మనిషికి 0.0007 డాలరు అని ఖరారు చేసిన సమయంలోనే శాన్‌ఫ్రాన్సిస్కోలోని సోమా ఎఫ్‌ఎం (పేరుకే ఎఫ్‌ఎం, నిజానికి నెట్ రేడియో) ప్రసారం ఆపేసింది, ఇంకా ఎన్నో చిన్న స్టేషన్లు మూతపడ్డాయి. విన్నవాళ్లు ఊరుకోలేదు, తమ ప్రజాప్రతినిధులకు ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు. ఆ డిసెంబరులో చిన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. దాని కింద కుదిరిన ఒప్పందంలో పాటల లెక్క కాకుండా ఆదాయంలో 10 నుంచి 12 శాతం, లేదా ఖర్చుల్లో 7 శాతం, ఏది ఎక్కువైతే అది కట్టేలా వీలు దొరికింది. సోమా ఎఫ్‌ఎం మళ్లీ మోగింది. 2007 రేట్లు ఆ వీలును తుడిచేశాయి. ఆ ఏడాది జూన్ 26న వేల నెట్ రేడియోలు ఒక రోజంతా పాటలు ఆపేసి మౌనం పాటించాయి. ఆ తర్వాత 2008లో, 2009లో చేసిన చట్టాలతో మళ్లీ కొన్నేళ్లకు ఒప్పందాలు కుదిరాయి. అవి 2015తో ముగిశాయి. వేల చిన్న స్టేషన్లకు చోటిచ్చిన లైవ్365 2016 జనవరి 31న మూతపడింది. మరుసటి ఏడాది కొత్త యజమాని దాన్ని తెరిచాడు గానీ, మధ్యలో ఆగిపోయిన స్టేషన్లలో తిరిగి రానివి ఎన్నో.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, ఆ చిన్నవాళ్లలో ఎవరూ పాటలు ఉచితంగా ఇమ్మనలేదు. మాకు వచ్చినదాంట్లో వాటా కడతాం, రానిదాంట్లో కట్టలేం అన్నారు, అంతే. పెద్ద కంపెనీ పాటకు ఇంత అంటే భరించగలదు, నష్టమొచ్చినా పదేళ్లు లాగగలదు. మీలాంటివాళ్లకు శాతం లెక్క ఉంటే బతుకు, లేకపోతే లేదు. మీ స్టేషన్ ఏ ఒప్పందం కింద కడుతోందో, అది ఏ సంవత్సరంతో ముగుస్తుందో ఇవాళే కనుక్కోండి. చాలామందికి ముగిసే రోజు వచ్చేదాకా ఆ సంగతే తెలియదు.

ప్రశ్న: మీకు పెద్ద కంపెనీలంటే ఎందుకంత కోపం? ఏ పాట కావాలంటే ఆ పాట ఫోన్లో ఉచితంగా ఇస్తున్నాయి కదా. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: పాటలు ఇస్తున్నాయమ్మా, నేనూ వింటాను. కానీ రేడియో అంటే పాటలొక్కటే కాదు. అమెరికాలో ఒక కంపెనీకి దేశం మొత్తం మీద 40 స్టేషన్లకు మించి ఉండకూడదని ఒక హద్దు ఉండేది, 1996 టెలికాం చట్టంతో దాన్ని తీసేశారు. కొన్నేళ్లకే క్లియర్ ఛానెల్ అనే ఒక్క కంపెనీ చేతిలోకి 1,200 పైచిలుకు స్టేషన్లు వచ్చాయి. నార్త్ డకోటాలో మైనాట్ అని ఒక చిన్న పట్నం ఉంది. 2002 జనవరి 18న అర్ధరాత్రి దాటాక అక్కడ గూడ్సు రైలు పట్టాలు తప్పి అమ్మోనియా వాయువు ఊరి మీదికి వచ్చింది. జనం రేడియో పెట్టుకున్నారు. ఊళ్లోని ఆరు కమర్షియల్ స్టేషన్లూ ఆ ఒక్క కంపెనీవే. పోలీసులు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు దొరకడం కష్టమైంది. హెచ్చరిక యంత్రాన్ని పోలీసులే సరిగ్గా వాడలేదని కంపెనీ అంది, ఆ వాదన చాలాకాలం నడిచింది. ఆ రాత్రి ఒకాయన చనిపోయాడు, వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. తప్పు ఎవరిదైనా కానివ్వండి, ఊరి రేడియోలో ఊరి మనిషి లేకపోతే ఏమవుతుందో ఆ రాత్రి అందరికీ తెలిసింది. కొని కొని పెరిగిన అదే కంపెనీ తర్వాత ఐహార్ట్‌మీడియా అని పేరు మార్చుకుని, 20 బిలియన్ డాలర్ల అప్పుతో 2018 మార్చిలో దివాలా రక్షణ కోరింది. ఆ రక్షణ కింద అప్పులు తగ్గించుకుని ఇంకా నడుస్తోంది. మీ కాలనీలో కిరాణా కొట్టు అప్పుల పాలైతే అలా రెండో అవకాశం ఎవరిస్తారు? నాది కోపం కాదమ్మా, దిగులు.

ప్రశ్న: మేం ముగ్గురం స్నేహితులం. పాత తెలుగు పాటలతో నెట్ రేడియో పెడదామని ఉంది. ఇన్ని పెద్ద యాప్‌లు ఉండగా మిమ్మల్ని ఎవరు వింటారని ఇంట్లో అంటున్నారు. లైసెన్స్ కావాలా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: పెట్టండి. కానీ ముందు ఇది పూర్తిగా చదవండి.

ఎఫ్‌ఎంకు వేలంలో తరంగాలు కొన్నట్టు నెట్ రేడియోకు కొనక్కర్లేదు. అది తేలిక భాగం. కష్టమంతా పాటల హక్కుల దగ్గరే. మన దేశంలో ఎఫ్‌ఎం వాళ్లకు ఒక రక్షణ ఉంది. ఎఫ్‌ఎం స్టేషన్లు మ్యూజిక్ కంపెనీలకు కట్టాల్సింది నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం అని 2010లో కాపీరైట్ బోర్డు తేల్చింది, 2020 చివర్లో ఆ లెక్క పాటలు వేసిన గంటల మీదికి మారింది. 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 31డి సెక్షన్ ప్రకారం, నిర్ణయించిన రేటు కడితే కంపెనీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పాట వేసుకోవచ్చు. మరి నెట్‌కు? ఇంటర్నెట్ ప్రసారాలూ దీని కిందికే వస్తాయని కేంద్రంలోని సంబంధిత శాఖ 2016లో ఒక మెమో ఇచ్చింది. కానీ 2019 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు ఒక పెద్ద స్ట్రీమింగ్ కంపెనీ కేసులో ఆ సెక్షన్ రేడియో, టీవీలకే తప్ప నెట్‌కు వర్తించదని చెప్పింది, 2022లో అదే కోర్టులో ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ కూడా దాన్నే ఖాయం చేసింది. పోరాడింది పెద్దవాళ్లూ పెద్దవాళ్లే, ఫలితం మాత్రం మీ ముగ్గురి మీదా పడింది. ఇప్పుడు మీరు ఒక్కో మ్యూజిక్ కంపెనీ దగ్గరికీ, హక్కుదారుల తరఫున డబ్బు వసూలు చేసే సొసైటీల దగ్గరికీ విడివిడిగా వెళ్లి వాళ్లు చెప్పిన రేటుకు ఒప్పుకోవాలి. కోటి మంది వినే యాప్‌తో మాట్లాడినట్టు వాళ్లు మీతో మాట్లాడరు. చిన్న నెట్ రేడియోలకు ఆదాయంలో శాతం లెక్కన చట్టంలోనే ఒక దారి పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను, మీలాంటివాళ్లు కలిసి అడగాలి కూడా.

పాత పాటలు అన్నారు కాబట్టి ఒక మాట. మన చట్టంలో రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు. 1957లో విడుదలైన పాట రికార్డింగ్ హక్కు 2017తో తీరిపోయింది. అంతమాత్రాన ఆ పాట మీ సొత్తు అనుకోకండి, ఎందుకంటే సాహిత్యం మీద, బాణీ మీద హక్కు వాటిని కట్టినవాళ్లు పోయిన తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. ఈ తేడా తెలియక ఇబ్బంది పడతారనే ఇంత వివరంగా రాస్తున్నాను. త్యాగరాజ కీర్తనలకు ఆ బాధ లేదు, మీ ఊళ్లో సంగీతం మాస్టారి చేత పాడించి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని వేసుకోవచ్చు.

ఇక ఎవరు వింటారు అన్నదానికి. పాటల సంఖ్యలో మీరు యాప్‌లతో పోటీ పడలేరు, ఆ ఆలోచనే వద్దు. సోమా ఎఫ్‌ఎం, కాలిఫోర్నియాలో పారడైజ్ అనే చిన్న ఊరి నుంచి 2000లో భార్యాభర్తలిద్దరు మొదలుపెట్టిన రేడియో పారడైజ్, రెండూ యాడ్స్ వేయకుండా వినేవాళ్లు పంపే డబ్బుతో ఇన్నేళ్లుగా నడుస్తున్నాయి. వాటిని వినేది పాటలు ఇంకెక్కడా దొరక్క కాదు, ఏ పాట తర్వాత ఏ పాట వేయాలో తెలిసిన మనిషి అక్కడ ఉన్నాడు కాబట్టి. మన దగ్గర జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో సంఘం రేడియో ఉంది, అది నెట్ కాదు, కమ్యూనిటీ ఎఫ్‌ఎం, అంటే చుట్టుపక్కల ఊళ్ల కోసం అక్కడివాళ్లే నడుపుకునే చిన్న స్టేషన్. 2008 అక్టోబరు 15న మొదలైంది, నడిపేది ఊరి దళిత మహిళలు. వాళ్లు చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి, పండగల గురించి తమ యాసలోనే మాట్లాడతారు, తమ పాటలే పాడుకుంటారు. ఆ గొంతు ఏ పెద్ద కంపెనీ దగ్గరా దొరకదు. మీ తెనాలికి నాటకం ఉంది, పద్యం పాడే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. గంటకు పది నిమిషాలు వాళ్ల గొంతు పెట్టండి, అమెరికాలో ఉన్న తెనాలివాళ్లు అర్ధరాత్రి లేచి వింటారు. డబ్బు సంగతి మొహమాటపడకుండా ప్రసారంలోనే చెప్పండి: నెలకు సర్వర్‌కు ఇంత, హక్కులకు ఇంత, మా దగ్గర ఉన్నది ఇంత అని.

ప్రశ్న: నాకు బట్టల షాపు ఉంది. మా రోడ్డులోనే రెండు పెద్ద షోరూములు వచ్చాయి. ఎఫ్‌ఎంలో యాడ్ ఇవ్వాలంటే చాలా ఖర్చు, ఒక నెట్ రేడియో వాళ్లు తక్కువకే వేస్తామంటున్నారు. ఇవ్వమంటారా? (ఒక పాఠకుడు, సిద్దిపేట)

జవాబు: చిన్న రేడియోల మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా మీకు వద్దనే చెబుతానండీ. మీ షాపుకు వచ్చేవాళ్లు సిద్దిపేట చుట్టూ ఉన్న పల్లెల వాళ్లు. ఆ రేడియో వినేవాళ్లు కొందరు హైదరాబాద్‌లో, కొందరు దుబాయ్‌లో, కొందరు న్యూజెర్సీలో ఉంటారు. వాళ్లు మీ యాడ్ విని మెచ్చుకున్నా మీ మెట్లెక్కరు. ముందు వాళ్లను ఒకటే అడగండి, మీ శ్రోతల్లో మా జిల్లావాళ్లు ఎంతమంది అని. సర్వర్ లెక్కల్లో ఏ ప్రాంతం నుంచి ఎంతమంది వింటున్నారో చాలావరకు తెలుస్తుంది, చూపించకపోతే డబ్బు ఇవ్వకండి. దగ్గర్లో కమ్యూనిటీ రేడియో ఉంటే దానికివ్వండి, దానికి గంటలో కొన్ని నిమిషాలు యాడ్స్ వేసుకునే అనుమతి ఉంటుంది, పైగా వినేది మీ చుట్టుపక్కల వాళ్లే.

అదే మీరు గొల్లభామ చీరల్లాంటి మీ ఊరి నేత పెట్టి పార్సిల్‌లో విదేశాలకు పంపుతుంటే నా జవాబు వేరేగా ఉండేది. పచ్చళ్లు, ఆత్రేయపురం పూతరేకులు, చేనేత చీరలు అమ్మేవాళ్లకు దూరంగా ఉన్న తెలుగువాళ్లే కొనేవాళ్లు, వాళ్లకు నెట్ రేడియో సరిగ్గా సరిపోతుంది. అప్పుడు కూడా మూడు నెలలకు మించి ఒకేసారి డబ్బు కట్టకండి. యాడ్‌లో ఒక ప్రత్యేకమైన ఫోన్ నంబరు ఇచ్చి, దానికి ఎన్ని ఆర్డర్లు వచ్చాయో పుస్తకంలో రాసుకోండి. వస్తే కొనసాగించండి, వాళ్లకు ఆ మూడు వేలో ఐదు వేలో ఆ నెల సర్వర్ బిల్లు అవుతుంది.