బడి నుంచి 'సెక్యూర్' అని మెసేజ్ వస్తే...
పాఠకుల ప్రశ్నలు - మా జవాబులు

అమెరికాలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రుల నుంచి, ఇక్కడ ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చునే వాళ్ల అమ్మానాన్నల నుంచి బడి కాల్పుల మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. అడిగినవాళ్ల పేర్లు వెయ్యడం లేదు.

మా అబ్బాయి ఆరో తరగతి. మొన్న మధ్యాహ్నం బడి నుంచి 'సెక్యూర్' అని మెసేజ్ వచ్చింది. ఉన్నపళంగా కారు తీసుకుని వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. నా పిల్లాణ్ని నాకు ఇవ్వకపోవడం ఏం పద్ధతి? - ఫ్రిస్కో, టెక్సస్

కోపం రావడం సహజమే గానీ పద్ధతి మాత్రం సరైనదే. అక్కడ చాలా బళ్లు వాడే 'స్టాండర్డ్ రెస్పాన్స్ ప్రోటోకాల్'లో అయిదు మాటలున్నాయి: హోల్డ్, సెక్యూర్, లాక్‌డౌన్, ఇవాక్యుయేట్, షెల్టర్. వీటిలో తల్లిదండ్రుల్ని తికమక పెట్టేవి సెక్యూర్, లాక్‌డౌన్. సెక్యూర్ అంటే ముప్పు బడి బయట ఉందని. పక్క వీధిలో దొంగతనం జరిగినా, పోలీసులు ఎవరినో తరుముతున్నా ఇదే మాట వస్తుంది. బయటి తలుపులకు తాళాలు పడతాయి, లోపల లెక్కల క్లాసు లెక్కల క్లాసులాగే నడుస్తుంది. లాక్‌డౌన్ అంటే ముప్పు లోపలికి వచ్చిందని. గదికి తాళం, దీపాలు ఆర్పడం, తలుపు అద్దంలోంచి కనపడని మూలన చప్పుడు లేకుండా కూర్చోవడం. ఒకప్పుడు సెక్యూర్‌ను 'లాకౌట్' అనేవాళ్లు. లాక్‌డౌన్‌కు దగ్గరగా వినపడి గందరగోళమవుతోందని మాటే మార్చేశారు. హోల్డ్ అయితే ఇంకా చిన్నది, వరండాలు ఖాళీగా ఉంచమని మాత్రమే. ఎవరో పిల్లాడు కళ్లు తిరిగి పడిపోయినా హోల్డ్ పెడతారు.

సెక్యూర్ ఉన్నంతసేపూ మామూలుగా తలుపు తెరవరు, మీకైనా సరే. లాక్‌డౌన్‌లో అసలు వెళ్లకూడదు. మీ కార్లే అంబులెన్సులకు అడ్డం పడతాయి. పిల్లాడికి ఫోన్ చెయ్యడం ఇంకా ప్రమాదం, దాక్కున్న గదిలో మోగేది ఆ ఫోనే. వాడంతట వాడు మెసేజ్ పెడితే చిన్న జవాబివ్వండి, టీచర్ మాట వినమనండి, అంతే.

నిజంగా పెద్దది జరిగితే పిల్లల్ని బడి దగ్గర అప్పగించరు. బస్సుల్లో వేరే చోటికి, ఏ చర్చికో స్టేడియానికో తీసుకెళ్లి అక్కడ ఒక్కొక్కరినీ సరిచూసి ఇస్తారు. గంటలు పడుతుంది. మనవాళ్లకు చిక్కొచ్చేది ఇక్కడే. బడి రికార్డులో ఉన్నవాళ్లకే, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తేనే అప్పగిస్తారు. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో, సగానికి తెగిపోయిన 'వెంకట'తో లైసెన్సులో ఒక పేరు, బడి కాగితాల్లో ఇంకో పేరు ఉంటే ఆ క్యూలో మీరు నరకం చూస్తారు. ఈ వారమే బడి ఆఫీసులో మూడు సంగతులు చూసుకోండి: పేరు కార్డులో ఉన్నట్టే ఉందా, ఫోన్ నంబరు ఇప్పటిదేనా, మీరిద్దరూ ఆఫీసుల్లో ఇరుక్కుంటే వెళ్లగలిగేవాళ్లు ఇంకో ఇద్దరు జాబితాలో ఉన్నారా. చూడవచ్చిన తాతయ్యనో అమ్మమ్మనో రాయిస్తే వాళ్ల పాస్‌పోర్టు ఇంట్లో ఎక్కడుందో వాళ్లకు తెలిసి ఉండాలి.

'శుక్రవారం బడికి రావద్దు' అని తన క్లాసు కుర్రాడు ఆన్‌లైన్ గేమ్ చాట్‌లో రాశాడని మా వాడు చెప్పాడు. జోకేమో అంటున్నాడు. చాడీ చెప్పినట్టవుతుందని భయపడుతున్నాడు. - చార్లెట్, నార్త్ కరోలినా

ఈ రాత్రే చెప్పండి. అమెరికా సీక్రెట్ సర్వీస్ 2008 నుంచి 2017 వరకు జరిగిన 41 బడి దాడుల్ని తవ్వి 2019లో నివేదిక ఇచ్చింది. దాడికి ముందు ఆందోళన పుట్టించేలా ప్రవర్తించనివాడు అందులో ఒక్కడూ లేడు. చాలామంది తాము చెయ్యబోయేది ముందే ఎవరితోనో అన్నారు. విన్నవాళ్లలో కొందరు మీ అబ్బాయిలాగే జోకనుకున్నారు.

చెప్పే తీరు ముఖ్యం. చాట్ చెరిపెయ్యకూడదు, ఆ కుర్రాణ్ని బ్లాక్ చెయ్యకూడదు, 'నిజమా?' అని నిలదియ్యకూడదు. రాసిన అకౌంటు పేరు, తేదీ, టైము, పైనా కిందా ఉన్న నాలుగు వాక్యాలు పడేలా స్క్రీన్‌షాట్లు తియ్యండి. ఒక్క వాక్యమే కత్తిరించి పంపితే అది ఎవరన్నదో, ఏ సందర్భంలో అన్నదో తేలక పోలీసులకు సగం రోజు పోతుంది. రోజు చెప్పి బెదిరించాడు కాబట్టి పోలీసులకు ఫోన్ చెయ్యండి. ఆయుధం చేతిలో ఉందనో ఇప్పుడే బయల్దేరాడనో అయితే 911. తర్వాత ప్రిన్సిపల్‌కు. పేరు చెప్పకుండా చెప్పే దారులూ ఉన్నాయి, కొలరాడోలో 'సేఫ్‌2టెల్', చాలా రాష్ట్రాల బళ్లలో 'సే సమ్‌థింగ్'. మీ బడి వెబ్‌సైటులో ఏది వాడుతున్నారో రాసి ఉంటుంది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. పది నిమిషాల్లో అది పక్క జిల్లా బడి పేరుతో తిరుగుతుంది.

చెప్పాక పని అయిపోయిందనుకోకండి, ఏం చేశారో అడగండి. 2024 సెప్టెంబరు 4న జార్జియాలోని అపలాచీ హైస్కూల్లో ఇద్దరు పిల్లల్ని, ఇద్దరు టీచర్లను కాల్చి చంపిన 14 ఏళ్ల కుర్రాడి మీద అంతకుముందు ఏడాదే ఎఫ్‌బీఐకి సమాచారం అందింది. స్థానిక పోలీసులు వెళ్లి తండ్రినీ కొడుకునీ అడిగారు. రుజువు చాల్లేదని మూసేశారు. ఆ తర్వాత క్రిస్మస్‌కు తండ్రి రైఫిల్ కానుకిచ్చాడు.

ఇలాంటి ఇంట్లోంచి తుపాకీని కొన్నాళ్లపాటు కోర్టు ద్వారా తీయించే చట్టం, వాడుకలో 'రెడ్ ఫ్లాగ్', ఇరవై పైచిలుకు రాష్ట్రాల్లో ఉంది. న్యూయార్క్‌లో ఇంటివాళ్లు, బడివాళ్లు కూడా కోర్టును అడగొచ్చు. ఫ్లోరిడాలో పోలీసులే అడగాలి. టెక్సస్‌లో, జార్జియాలో, మీ నార్త్ కరోలినాలో లేదు. అలాంటి చోట ముందుగా చెప్పడం ఒక్కటే చేతిలో ఉన్నది.

ఇంకో మాట, అడక్కపోయినా. మీ అబ్బాయికీ చెప్పండి, ఇలాంటి జోకు తానూ వెయ్యకూడదని. టెక్సస్ లాంటి చోట్ల బెదిరింపు దానికదే నేరం. తుపాకీ ఉందా లేదా అని తర్వాత చూస్తారు, సంకెళ్లు ముందు పడతాయి.

బడిలో లాక్‌డౌన్ డ్రిల్లు చేసిన రోజు రాత్రి మా ఏడేళ్ల పాప నిద్రపోదు. ఏం చెప్పాలి? - ఎడిసన్, న్యూజెర్సీ

ముందు మీరు చెప్పకండి, తనను చెప్పనివ్వండి. 'ఇవాళ ఏం చేశారు, నువ్వెక్కడ కూర్చున్నావు' అంటే చాలు. ఆ వయసు పిల్లలు చాలాసార్లు మనం ఊహించనిదానికి భయపడతారు: బాత్రూంలో ఉండగా తలుపు వేసేస్తే ఎలా, తుమ్ము వస్తే ఎలా. అడుగున లైట్లు మెరిసే బూట్లు వేసుకున్న పిల్లలు, తమవల్లే దొరికిపోతామని వణికిన సందర్భాలున్నాయి. బాత్రూం సంగతికి జవాబు టీచర్ దగ్గర ఉంటుంది, అడిగి పాపకు చెప్పండి. బూట్లు మార్చండి. 'ఎప్పుడూ ఏమీ జరగదు' అని ఒట్టు పెట్టకండి. 'జరగడం చాలా అరుదు, పెద్దవాళ్లకు ఏం చెయ్యాలో తెలుసు, నీ పని టీచర్ మాట వినడమే' అంటే ఆ వయసుకు సరిపోతుంది.

ఇంట్లో తెలుగు న్యూస్ చానల్ పెట్టి ఉంటే ఆపండి. ఒకే దృశ్యాన్ని నలభైసార్లు చూపిస్తారు, పాప దృష్టిలో అది నలభైసార్లు జరిగినట్టే. ముందే తేదీ చెప్పాలని, ఉత్తుత్తి తుపాకీ శబ్దాలు వాడొద్దని బడిని అడిగే హక్కు మీకుంది. స్కూల్ సైకాలజిస్టుల సంఘం కూడా చిన్నపిల్లలకు అలాంటి నాటకాలు వద్దనే అంటుంది. కడుపునొప్పి పేరుతో బడి మానడం, పక్క తడపడం మూణ్నాలుగు వారాలైనా తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

మా పాప స్నేహితురాలింట్లో తుపాకులున్నాయట. ఆడుకోవడానికి పంపొచ్చా? అడిగితే తప్పుగా అనుకుంటారేమో. - కమ్మింగ్, జార్జియా

వేరుశెనగ పడదని అడిగినప్పుడు తప్పుగా అనుకుంటున్నారా? అదే గొంతుతో, అదే ఫోన్‌లో, 'మీ ఇంట్లో కుక్క ఉందా, ఈతకొలను ఉందా, తాళం వెయ్యని తుపాకీ ఉందా' అని వరుసలో అడిగెయ్యండి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం తల్లిదండ్రులకు ఇచ్చే సలహా కూడా ఇదే. 'ఉంది, పైన దాచాం' అంటే పిల్లల్ని మీ ఇంటికే పిలవండి. దాచడం తాళం కాదు. అల్మరాలో చీరల కింద ఏముందో ఇంట్లో పిల్లలకు తెలియనిది ఎక్కడ?

సరైన జవాబు ఎలా ఉండాలంటే: తుపాకీలో తూటా లేదు, దానికి తాళం ఉంది, తూటాలు వేరేచోట వేరే తాళంలో ఉన్నాయి. పెట్టె కోడు పిల్లల పుట్టినరోజు కాకూడదు. తాళంచెవి మేకుకు వేలాడకూడదు. తూటా వెళ్లే దారిగుండా దూర్చి బిగించే కేబుల్ తాళాలను చాలా పోలీస్ స్టేషన్లలో ఉచితంగానే ఇస్తారు. ఇంతగా ఎందుకంటే, పైన చెప్పిన సీక్రెట్ సర్వీస్ లెక్కలోనే తుపాకీ వాడినవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి అది సొంతింట్లోనో దగ్గరి బంధువులింట్లోనో దొరికింది. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో 2021 నవంబరు 30న నలుగురు పిల్లలు చనిపోయిన కేసులో, ఆ తుపాకీని నాలుగు రోజుల ముందు కొన్నది తండ్రి. తల్లికీ తండ్రికీ చెరి 10 నుంచి 15 ఏళ్ల జైలు పడింది.

బడి కాల్పులు వార్త అవుతాయి గానీ అమెరికాలో తుపాకీకి పోయే ప్రాణాల్లో సగానికిపైగా ఆత్మహత్యలు. టీనేజి పిల్లలున్న ఇంట్లో తాళం ముందుగా కాపాడేది ఆ పిల్లల్నే.

నేను హెచ్1బి మీద ఉన్నాను. ఆత్మరక్షణకు పిస్టల్ కొనుక్కోవచ్చా? స్నేహితులు తుపాకీ పేల్చడం సాధన చేసే రేంజికి రమ్మంటున్నారు. - ఇర్వింగ్, టెక్సస్

కొనకూడదు. రాష్ట్రం ఎంత ఉదారమైనదైనా దీన్ని తేల్చేది ఫెడరల్ చట్టం. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీనే కాదు, తూటాను కూడా దగ్గర ఉంచుకోకూడదు. రేంజిలో అద్దె తుపాకీ చేతిలోకి తీసుకున్నా 'దగ్గర ఉంచుకోవడం' కిందికే వస్తుంది. 2022 చట్టంతో దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లకు పెరిగింది. దేశం నుంచి పంపించడానికీ ఇది సరిపోయే కారణం. రేంజిలో దిగిన ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేవాళ్లు తమ మీద సాక్ష్యాన్ని తామే తయారుచేసుకుంటున్నారు.

ముఖ్యమైన మినహాయింపు, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది చౌక, తేలిక. అందుకే కుర్రాళ్లు ఆ దారి పడుతున్నారు. కాగితం చట్టబద్ధం చేస్తుందే తప్ప వాడకం నేర్పదు. 2024 నవంబరులో అట్లాంటాలో మన హైదరాబాద్ విద్యార్థి ఒకరు పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయారు. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో వీసా సంగతి సూటిగా అడుగుతారు, అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. మీ భార్యకు గ్రీన్ కార్డు ఉండి ఆమె కొన్నా, కోడు మీకు తెలియని పెట్టెలో ఉండాలి.

మన దగ్గర కలెక్టరో కమిషనరో లైసెన్సు ఇస్తేనే తుపాకీ. అక్కడ ఇన్ని ఘోరాలు జరిగినా ప్రభుత్వం ఎందుకు ఆపదు? - భీమవరం

మనకు తుపాకీ ప్రభుత్వం దయతలచి ఇచ్చే అనుమతి, 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఎందుకు కావాలో మనమే చెప్పుకోవాలి. అక్కడ అది 1791 నుంచి రాజ్యాంగంలో ఉన్న హక్కు, ఎందుకు కాదో ప్రభుత్వం చెప్పుకోవాలి. 2008లో అక్కడి సుప్రీంకోర్టు అది వ్యక్తి హక్కేనని తేల్చింది. 2022లో ఇల్లు దాటి వెంట తీసుకెళ్లే హక్కుకూ విస్తరించింది. రాజ్యాంగం మార్చాలంటే రెండు సభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. కాబట్టి జరిగేవన్నీ అంచుల్లో మార్పులే. 1994లో కొన్ని రకాల రైఫిళ్ల అమ్మకం నిషేధించారు, పదేళ్ల గడువు తీరి 2004లో అది పోయింది. కనెక్టికట్‌లోని శాండీ హుక్ బడిలో 20 మంది పసివాళ్లు పోయిన 2012 తర్వాత కూడా కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, బిల్లు గెలవలేదు. టెక్సస్‌లోని యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయాక 2022 జూన్‌లో ఒక చట్టం వచ్చింది: 21 ఏళ్లలోపు వాళ్లు దుకాణంలో కొంటే బాల్యపు రికార్డులు కూడా చూడటానికి 10 పనిదినాల దాకా ఆపొచ్చు. లైసెన్సు లేని మామూలు మనిషి ఇంకో మనిషికి అమ్ముకుంటే మాత్రం, రాష్ట్రం అడ్డుకోకపోతే, ఫెడరల్ తనిఖీ ఇప్పటికీ లేదు.

2023లో ఆలెన్ మాల్ కాల్పుల్లో మన అమ్మాయి చనిపోయినప్పటి నుంచి రద్దీ చోట్లకు వెళ్లాలంటే గుండె దడ. - ప్లేనో, టెక్సస్

2023 మే 6న అక్కడ పోయిన ఎనిమిది మందిలో హైదరాబాద్ ఇంజనీరు ఒకరు. మీ ఊరికి అంత దగ్గరలో జరిగాక దడ లేకపోతేనే ఆశ్చర్యం. దానికి పని చెప్పండి. లోపలికి వెళ్లగానే మీరు వచ్చిన తలుపు కాక ఇంకో తలుపు చూసుకోండి. దుకాణాల వెనక సరుకు దించే దారి బయటికే పోతుంది. శబ్దం వినపడితే సామాను వదిలేసి పరుగు, కుదరకపోతే తాళం పడే గది, అదీ కుదరకపోతేనే ఎదిరింపు. ఫోన్ తీసి వీడియో తియ్యడం ఈ మూడింటిలోనూ లేదు.

ఇంకొకటి నేర్చుకోండి, రక్తం ఆపడం. పెద్ద రక్తనాళం తెగితే అయిదు నిమిషాల్లో ప్రాణం పోవచ్చు, అంబులెన్సు అంతలో రాదు. 'స్టాప్ ది బ్లీడ్' శిక్షణ చాలా ఆస్పత్రుల్లో, ఫైర్ స్టేషన్లలో ఒక పూట కూడా పట్టదు. చేతికో కాలికో అయితే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, గుండె వైపుగా, కీలు మీద కాకుండా టూర్నికెట్ (పుల్లతో మెలి తిప్పి బిగించే పట్టీ) కట్టి, రక్తం ఆగేదాకా పుల్ల తిప్పాలి. విపరీతంగా నొప్పి పుడుతుంది, అరిచారని వదులు చెయ్యకూడదు. కట్టిన టైము రాసిపెట్టాలి. ఆగకపోతే దానిపైన రెండోది. గజ్జలు, చంక, మెడ దగ్గర కట్టు పడదు, అక్కడ శుభ్రమైన గుడ్డను గాయంలోకి కుక్కి రెండు చేతులతో అదిమి పట్టాలి. చున్నీతో ముడి వేస్తే చాలనుకుంటారు, చాలదు. మెలి తిప్పే గట్టి పుల్ల లేనిదే లోపలి నాళం మూసుకోదు. ఆన్‌లైన్లో చౌకగా దొరికే నకిలీల్లో ఆ పుల్లే విరుగుతుంది.

'టెక్సస్‌లో కాల్పులు' అని టీవీలో రాగానే మా అమ్మాయికి ఫోన్ చేస్తాను. ఎత్తేదాకా ప్రాణం నిలవదు. - కరీంనగర్

అమ్మా, ముందు ఆమె ఉండే కౌంటీ పేరు ఒక కాగితం మీద రాసి టీవీ పక్కన అతికించండి. డాలస్ నుంచి ఎల్ పాసోకు కారులో పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా పడుతుంది, అదీ టెక్ససే. అక్కడి మధ్యాహ్నం రెండు వేసవిలో మనకు రాత్రి పన్నెండున్నర, ఆమె ఆఫీసులో మీటింగులో ఉండే వేళ. ఇలాంటి వార్త వచ్చినప్పుడు అడగకుండానే ఇంటి గ్రూపులో 'బాగున్నాం' అని ఒక్క మాట పెట్టేలా ఆమెతో ఒప్పందం చేసుకోండి. రెండు గంటల్లో రాకపోతే మీరు అల్లుడుగారికి చెయ్యండి, ఆయనా ఎత్తకపోతే పక్కింటి వాళ్లకు. ఆ పక్కింటి నంబరు ఈ ఆదివారమే అడిగి తీసుకోండి.