బ్రిటన్‌లో క్లబ్ ఫీజు కట్టలేక పాప టెన్నిస్ ఆగిపోయిందా? – సమాధానం

లెస్టర్‌లో మీ తొమ్మిదేళ్ల పాపకు టెన్నిస్ నేర్పించాలని క్లబ్బుల్లో అడిగితే, ఫీజు కట్టలేనంత ఉందని రాశారు. మీరు అడిగినవన్నీ ప్రైవేటు క్లబ్బులే, అదే కారణం. ముందు పార్కు కోర్టులు చూడండి.

1. బ్రిటన్ టెన్నిస్ సంఘం ఎల్‌టీఏ వెబ్‌సైటులో పోస్ట్‌కోడ్ కొట్టి ఉచిత పార్క్ టెన్నిస్ సెషన్లు వెతకండి. రాకెట్, బంతులు వాళ్లే ఇస్తారు.

2. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. బాగుచేసిన పార్కు కోర్టుల్లో చాలావాటికి గేటు మీద కీప్యాడ్ ఉంటుంది. అది చూసి, మెంబర్లకే కాబోలు అనుకుని పిల్లల్ని తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే మెయిల్‌కి పిన్ వస్తుంది. అది నొక్కితే గేటు తెరుచుకుంటుంది. ఉచితమా, గంటకింత కట్టాలా అన్నది బుకింగ్ పేజీలోనే ఉంటుంది.

3. ఆ వయసుకు నారింజ చుక్క బంతి అడగండి, పసుపు బంతికన్నా నెమ్మదిగా వస్తుంది.

ఇది డబ్బున్నవాళ్ల ఆట అన్నారు. ఖర్చు చూస్తే కాదనలేను, నాకూ బాధే. కానీ 2021లో ప్రపంచ 22వ ర్యాంకు దాకా వెళ్లిన బర్మింగ్‌హామ్ టెన్నిస్ ఆటగాడు డాన్ ఎవాన్స్ తండ్రి ఎలక్ట్రీషియన్, తల్లి నర్సు.

పాపకు ఆట పట్టుబడ్డాక క్లబ్బుకు మెయిల్ పెట్టి, ఫీజు రాయితీ ఉందా అని సూటిగా అడగండి.