నారింజ రంగు మీద కన్నేసి ఉంచు

చిరంజీవి పాపకు,

మామ ఆశీస్సులు. ఏర్పేడులో రీసెర్చిలో చేరావని, వెలుతురుతో కార్బన్ డయాక్సైడ్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా, ఫార్మేట్‌గా (అంటే ఫార్మిక్ ఆమ్లపు లవణంగా) మార్చే పని ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. ఉత్ప్రేరకం సంగతి మీ గైడ్ చూసుకుంటారు. నేను రాసేది వెలుతురు పట్టే కాంప్లెక్స్ గురించి, అంటే వెలుతురు పీల్చి ఉత్ప్రేరకానికి ఎలక్ట్రాన్ అందించే లోహ సమ్మేళనం గురించి. దాన్ని సీసాలోంచి తీసి వేసేసి మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

నారింజ రంగులో ఉండే, ఒక్కో రుథేనియంకు మూడు బైపిరిడిన్‌లు అతుక్కున్న రుథేనియం ట్రిస్ బైపిరిడిన్‌తో మొదలుపెట్టు. ఖరీదే, కానీ దాని గుణాలన్నీ ఎప్పుడో తేలిపోయాయి. 452 నానోమీటర్ల దగ్గర గట్టిగా పీలుస్తుంది కాబట్టి నీలం ఎల్ఈడీ చాలు. మోలార్ శోషణ, అంటే వెలుతురు పీల్చే బలం, మోలార్‌కు సెంటీమీటరుకు 14,600 దాకా ఉంటుంది, అందుకే చిటికెడు వేస్తే సరి. ఎక్కువ వేశావంటే వెలుతురంతా ముందు గోడ దగ్గరే అయిపోతుంది, వెనకున్న ద్రావణం చీకట్లోనే ఉంటుంది. 1983లో లెన్ బృందం వాడిన రీనియం కాంప్లెక్స్ వెలుతురూ పట్టింది, ఉత్ప్రేరకం పనీ చేసింది. కానీ 400 నానోమీటర్లు దాటితే అది పెద్దగా పీల్చదు. రాగి కాంప్లెక్స్‌లు చవక, కానీ వెలుతురు తగలగానే వాటి ఆకారం చదునవుతుంది. రాగికి అతుక్కునే ఫెనాంత్రోలిన్ అణువుకు 2, 9 స్థానాల్లో మిథైల్ లాంటివి అడ్డం పెట్టాలి. దాని జోలికి రెండో ఏడాది వెళ్లు.

వెలుతురు తగిలిన రుథేనియం ఆ ఊపులో బతికేది మైక్రోసెకను కూడా ఉండదు. ఆ కాస్తలోనే దానికి ఎలక్ట్రాన్ అందాలి. ఎలక్ట్రాన్ ఇచ్చే ట్రైఇథనోలమైన్ ఒక్కటే పోస్తే సరిగా అందదు, ఇంకా బాగా ఇచ్చే బీఎన్ఏహెచ్ గానీ బీఐహెచ్ గానీ కలుపు. ఆక్సిజన్ ఉందా, అంతా అదే మింగేస్తుంది. ఫ్లాస్కు మూతికి పెట్టే రబ్బరు బిరడా ఉంది చూడు, సూది పదిసార్లు దిగిన ఆ సెప్టమ్‌ను మొహమాటం లేకుండా పారెయ్. మన తిరుపతి మే నెల తెలుసుగా, 40 దాటుతుంది. ఫ్లాస్కును నీళ్ల తొట్టిలో పెట్టు, లేకపోతే వెలుతురు చేసిన పనేదో, వేడి చేసిన పనేదో తేలదు.

ఇక నా బాగోతం. అప్పట్లో డీఎంఎఫ్ అనే ద్రావణిలో రియాక్షన్ పెడితే మొదటి రోజే ఫార్మేట్ బ్రహ్మాండంగా వచ్చింది. ల్యాబంతా లడ్డూలు పంచాను. పక్క బెంచి సీనియర్ లడ్డూ తింటూనే, "ఆర్గాన్ కింద చేశావా?" అన్నాడు. మర్నాడు కార్బన్ డయాక్సైడ్ బదులు జడవాయువు ఆర్గాన్ నింపి చేశాను. కార్బన్ డయాక్సైడ్ చుక్క లేకుండానే దాదాపు అంతే ఫార్మేట్! సీసాలోని పాత డీఎంఎఫ్ నీటితో విడిపోయి ఇచ్చింది అది. ఆ వారం క్యాంటీన్‌కు వెళ్లలేకపోయాను.

ఆర్గాన్‌తో కూడా దొరకని దొంగ ఇంకోడున్నాడు. గంటల తరబడి వెలుతురు పడితే రుథేనియం ఒక బైపిరిడిన్‌ను వదిలేస్తుంది. నారింజ రంగు ముదిరి గోధుమ రంగుకు తిరుగుతుంది. అలా మిగిలిన ముక్క తానే కార్బన్ డయాక్సైడ్‌ను ఫార్మేట్‌గా మార్చగలదు! నువ్వు మాత్రం నీ ఉత్ప్రేరకమే చేసిందని మురిసిపోతుంటావు. అందుకే ఉత్ప్రేరకం వెయ్యకుండా ఒక ఫ్లాస్కు, వెలుతురు లేకుండా ఒకటి, ఆర్గాన్ కింద ఒకటి ప్రతిసారీ పెట్టు. ప్రతి గంటకూ కాస్త ద్రావణం తీసి, ఏ వెలుతురు ఎంత పీలుస్తోందో కొలిచే యూవీ-విజిబుల్ యంత్రంలో చూడు. 452 దగ్గరి శిఖరం కుంగుతోందంటే ఆ తర్వాత వచ్చిన లెక్కలు నమ్మకు. టర్నోవర్ సంఖ్య (ఒక్కో ఉత్ప్రేరక అణువు ఎన్నిసార్లు పనిచేసిందన్న లెక్క) పెద్దదని సంబరపడేవాళ్లకు ఈ పని విసుగు. పర్లేదు, నువ్వు చెయ్యి.

ఫార్మేట్‌లోని కార్బన్ నిజంగా కార్బన్ డయాక్సైడ్ నుంచే వచ్చిందా అని తేల్చేది కార్బన్-13తో చేసిన కార్బన్ డయాక్సైడ్. ఆ గ్యాస్ సిలిండర్ ఖరీదని వాయిదా వేస్తారు. మీ గైడ్‌ను ఇప్పుడే అడుగు, తెప్పించడానికి నెలలు పడుతుంది. సంక్రాంతికి ఇంటికొచ్చేటప్పుడు ఆర్గాన్ కింద తీసిన జీసీ (గ్యాస్ క్రోమటోగ్రఫీ) ప్రింటు కూడా పట్టుకురా. లడ్డూల సంగతి అది చూశాక మాట్లాడదాం.

ఇట్లు,
మీ మామ